తోటివాడి కథ చదివాక

‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ కొంచెం చూసుకోవాలి.’ ఫిల్మ్ నగర్‌లో ఈ మాట అనడానికి కథ వినక్కర్లేదు. ఏ కథకైనా అతుకుతుంది, ఎవరినీ నొప్పించదు. కృష్ణానగర్, ఇందిరానగర్ గదుల్లో అసిస్టెంట్ డైరెక్టర్లు ఒకరి కథ ఒకరు వింటుంటారు. ప్రొడ్యూసర్ ఆఫీసు మెట్లెక్కక ముందు కథకు దొరికే శ్రోతలు వాళ్లే. వాళ్లు కూడా ‘ల్యాగ్ ఉందన్నా’, ‘ఎక్కడో కనెక్ట్ అవ్వలేదు’ అని లేచిపోతే రాసినవాడు ఆ రాత్రి కూర్చుని ఏ పేజీ దిద్దాలి?

ల్యాగ్ సరే, ఎక్కడ? ‘మాయాబజార్’ (1957) రిహార్సల్స్‌లో కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కో సన్నివేశం ఎంతసేపు నడుస్తుందో చూసుకునేవారట. అది మద్రాసు రోజుల సంగతి. అంత ఓపిక మనకు లేకపోయినా ‘పద్దెనిమిదో సీన్ సగంలో ఫోన్ చూసుకున్నాను’ అని నిజం చెప్పొచ్చు కదా. దాంతో రాసినవాడికి ఎక్కడ వెతుక్కోవాలో తెలుస్తుంది.

నాకైతే నరేషన్ వినడం కంటే స్క్రిప్టు చదవడమే ఇష్టం. మనవాళ్లు కథ చెప్పేటప్పుడు నోటితోనే బీజీఎం కొట్టేస్తారు. ఆ ఊపులో గుంతలు కనపడవు. కాగితం మీద బీజీఎం ఉండదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాస్తూ పోతాను. ‘నాన్న పధ్నాలుగో సీన్‌లో స్కూటర్ అమ్మేశాడు, ఇరవై రెండులో దానిమీదే వచ్చాడు’ లాంటివి తేలిక. కష్టమైనవి వేరే ఉంటాయి. ఒక కుర్రాడి స్క్రిప్టులో ‘ఇక్కడ నవ్వొచ్చింది, నవ్వించాలనేనా?’ అని రాశాను. ‘అక్కడ ఏడవాలి సార్’ అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని. ఆ సీన్ ఎలా మార్చాలో నేను చెప్పలేదు. వారం తిరక్కుండా అతనే ఒక డైలాగ్ తీసేసి పట్టుకొచ్చాడు. నాకైతే తట్టేది కాదు.

‘నేనైతే ఇలా రాస్తా’ అని మొదలుపెట్టడం మన పెద్ద జబ్బు. పరుచూరి గోపాలకృష్ణ గారు యూట్యూబ్‌లో సినిమాలను విశ్లేషిస్తూ, ఫలానా చోట ఇలా ఉంటే బాగుండేదంటారు. అది విడుదలైపోయిన సినిమా, విన్నవాళ్లకు పాఠం. ఇంకా పురిట్లో ఉన్న కథకు మన సీన్ తగిలిస్తే, రాసేవాడి ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. వాడు మొహమాటస్తుడైతే మరీను.

పిక్సర్ యానిమేషన్ స్టూడియోలో ‘బ్రెయిన్‌ట్రస్ట్’ అనే బృందం ఉంది. తయారవుతున్న సినిమాను తోటి దర్శకులు, రచయితలు చూసి ఎక్కడ కుంటుతోందో మొహమాటం లేకుండా చెప్తారు. కానీ వాళ్ల మాట పాటించి తీరాలని లేదని ఆ స్టూడియో వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ తన పుస్తకంలో రాశారు. మన సిట్టింగ్స్‌లో అలా కుదరదు. హీరో ‘ఆలోచించండి’ అంటే ‘మార్చండి’ అనే అర్థం. కొత్త రచయిత కాదనగలిగే అభిప్రాయం స్నేహితుడిదొక్కటే. అందుకే అది కాస్త శ్రద్ధగా ఉండాలంటాను.

ఇంకో చిక్కుంది. రాసినవాడూ అభిప్రాయం చెప్పేవాడూ ఒకే ప్రొడ్యూసర్ చుట్టూ తిరుగుతుంటారు. అసూయ లేదని ఎవరన్నా అంటే నేను నమ్మను. కథ చదివి మనసు చివుక్కుమన్న రోజున కామెంట్ రాయకుండా పక్కన పెట్టేస్తాను, రెండ్రోజులాగి మళ్లీ చదువుతాను. మొదటిసారి తప్పులుగా తోచినవాటిలో కొన్ని అప్పటికి తప్పులుగా కనిపించవు. టైటిల్స్‌లో పేరు గొడవలు కూడా ఈ సలహాల దగ్గరే పుడతాయి. ‘ఈ సీన్ నమ్మబుద్ధి కాలేదు’ అన్నందుకు ఎవరూ పేరు అడక్కూడదు. రాత్రంతా కూర్చుని సీన్ మొత్తం తిరగరాసి ఇస్తే మాత్రం అది సలహా కాదు, పని. పేరు, పైకం రెండూ ముందే మాట్లాడుకోవాలి, అవతలివాడు ఎంత ప్రాణస్నేహితుడైనా సరే.