తెగడం, తెలియడం, తేరుకోవడం

కంప్యూటర్ నెట్‌వర్క్ ఎంత నమ్మదగినదో చెప్పే కొలత లభ్యత. 99.9 శాతం లభ్యత అంటే వినడానికి గొప్పగానే ఉంటుంది కానీ, లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు సేవ ఆగినట్టే. 99.999 శాతమైతే ఆ విరామం 5 నిమిషాల పైచిలుకు. తవ్వకాల్లో కేబుల్ తెగకుండా, రూటర్‌లోని కార్డు కాలకుండా పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇంజనీర్ల తెలివితేటలన్నీ తేరుకునే వ్యవధిని తగ్గించడం మీదే ఖర్చవుతాయి.

ఆ వ్యవధిలో తరచూ పెద్ద వాటా లోపం సంగతి తెలియడానికే పోతుంది. ఫైబర్ నేరుగా రూటర్‌కే వస్తుంటే, అది తెగగానే కాంతి ఆగి పోర్టుకు వెంటనే తెలిసిపోతుంది. మధ్యలో స్విచ్ ఉంటే మాత్రం అవతల తెగినా ఇవతల లింకు బాగున్నట్టే కనిపిస్తుంది. అప్పుడు పొరుగు రూటర్ పంపే హలో సందేశాలే దిక్కు. రూటర్లు దారులు లెక్కకట్టుకునే ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్, ఈథర్నెట్ మీద మామూలుగా 10 సెకన్లకొక హలో పంపుతుంది. 40 సెకన్లు మౌనంగా గడిస్తేనే పొరుగు రూటర్ పోయిందని తేలుస్తుంది. నెట్‌వర్క్‌ల మధ్య దారులు చెప్పుకునే బీజీపీ అయితే చాలా రూటర్లలో 90 లేదా 180 సెకన్లు ఆగుతుంది. ఈలోపు ఆ దారిన పంపిన ప్యాకెట్లన్నీ పోయినట్టే.

ఈ లోటు తీర్చడానికే బీఎఫ్‌డీ అనే ప్రోటోకాల్ పుట్టింది. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2010లో దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 5880గా వెలువరించింది. దారులు లెక్కకట్టే పని దానిది కాదు. పొరుగు బతికుందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. 50 మిల్లీసెకన్లకొక చిన్న ప్యాకెట్ రావాలని, వరుసగా మూడు రాకపోతే తెగినట్టేనని నిర్ణయిస్తే, దాదాపు 150 మిల్లీసెకన్లలో కబురు ఓఎస్‌పీఎఫ్‌కూ బీజీపీకీ చేరుతుంది.

తెలిశాక అసలు పని మొదలవుతుంది. స్విచ్‌ల మధ్య పాత స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ కొత్త దారి తెరవడానికి 30 నుంచి 50 సెకన్లు తీసుకునేది. రూటర్లు కూడా ఒకదానికొకటి చెప్పుకుని, మళ్లీ లెక్కకట్టుకోవాలి. కొన్ని కొత్త లెక్కతో, కొన్ని పాత లెక్కతో ఉన్న ఆ కాసేపట్లో ప్యాకెట్లు వాటి మధ్యే తిరుగుతుంటాయి. బదులు దారిని ముందే సిద్ధం చేసుకోవడం ఇంతకంటే మేలు. టెలికాం సంస్థల ఫైబర్ నెట్‌వర్క్ అయిన సోనెట్‌లోని వలయాలు లోపం తెలిశాక 50 మిల్లీసెకన్లలో దారి మార్చాలన్న ప్రమాణం ఆ ఆలోచన నుంచి వచ్చిందే. లేబుళ్ల ఆధారంగా ప్యాకెట్లను పంపే ఎంపీఎల్‌ఎస్‌లోని ఫాస్ట్ రీరూట్‌లో తెగిన చోటికి ముందున్న రూటరే, ఎవరినీ అడగకుండా, ట్రాఫిక్‌ను మళ్లిస్తుంది.

బదులు దారి కాగితం మీద వేరైతే చాలదు. రెండు ఫైబర్లూ ఒకే కందకంలో ఉంటే ఒక్క జేసీబీ చాలు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు భారతదేశంలో ఇంటర్నెట్ మందగించింది; కేబుళ్లు వేరైనా దారి దాదాపు ఒకటే.

వేగానికీ హద్దుంది. లోపం తేల్చే గడువు మరీ కుదిస్తే, పనిలో మునిగిన రూటర్ నాలుగు ప్యాకెట్లు ఆలస్యం చేసినా లింకు పోయిందన్న తప్పుడు కబురు పుడుతుంది. పడుతూ లేచే లింకు విషయంలో చెడు కబురును వెంటనే, మంచి కబురును కొంత ఆగి నమ్మేలా టైమర్లు పెడతారు. ఒక్కోసారి తేరుకోవడమే ముప్పవుతుంది: 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంత టెలిఫోన్ నెట్‌వర్క్‌ను సుమారు 9 గంటలు కుదేలు చేసింది తేరుకునే ప్రక్రియే. న్యూయార్క్‌లో ఒక స్విచ్ సెకన్లలో కోలుకుని మళ్లీ కాల్స్ పంపడం మొదలుపెట్టింది; వెంటవెంటనే వచ్చిన ఆ సందేశాలు పొరుగు స్విచ్‌ల సాఫ్ట్‌వేర్‌లోని తప్పును కదిపి వాటినీ రీసెట్ చేశాయి. అవి లేస్తూ మరికొన్నింటిని పడగొట్టాయి. రికవరీ ఏర్పాట్లను నడుస్తున్న నెట్‌వర్క్‌లోనే, ముందే చెప్పిన సమయంలో కేబుల్ పీకి పరీక్షించే పద్ధతి ఇలాంటి తప్పులను పట్టుకోవడానికే. అప్పుడు లెక్కపెట్టేది దారి మారిందా అన్నది కాదు, మారేలోపు ఎన్ని ప్యాకెట్లు పోయాయన్నది.