అల్లాయ్ చక్రానికి రెండో ఆయుష్షు

గీతలు పడి, అంచులు చెక్కుకుపోయిన అల్లాయ్ వీల్స్‌ను మా కడపవాళ్లు ఇప్పుడు పాత సామాన్ల కింద అమ్మేయడం లేదు. బాగు చేయించుకొని మళ్లీ బండికే బిగించుకుంటున్నారు. వస్తువును చివరిదాకా వాడుకునే ఈ బుద్ధి నాకు చాలా ఇష్టం. అందుకే ఈ వారం ఆ చక్రాల సంరక్షణ గురించి రాస్తున్నాను. కొత్త చక్రం కంటే బాగు చేయించిన చక్రానికే ఎక్కువ జాగ్రత్త కావాలన్నది నా గట్టి నమ్మకం.

ఎందుకంటే అందులో లోహం పాతదే, కొత్తగా వచ్చింది పైపూత ఒక్కటే. మామూలుగా ఈ చక్రాలను అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోత పోస్తారు. బాగుచేసేవాళ్లు పాత రంగంతా తీసేసి, సొట్టలూ గీతలూ సరిచేసి, పౌడర్ కోటింగ్ వేసి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. డైమండ్ కట్ రకమైతే లేత్ మిషన్ మీద పెట్టి ముఖాన్ని పలుచగా చెక్కి, పైన క్లియర్ కోట్ కొడతారు. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, కాబట్టి ఆ పని ఎన్నిసార్లంటే అన్నిసార్లు చేయించలేం. ఉన్న పూతను కాపాడుకోవడమే దారి.

సముద్రపు ఉప్పుగాలి మనకు లేకపోవడం అదృష్టం. దాని బదులు మనకున్నది దుమ్ము. ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు తిరిగే బండ్లకు సిమెంటు దుమ్ము తప్పదు. పొడిగా ఉన్నంతసేపు దానితో పెద్ద చిక్కు లేదు. తడి తగిలితే మాత్రం అది ఘాటైన క్షారంగా మారుతుంది. అల్యూమినియాన్ని ఆమ్లమూ తింటుంది, క్షారమూ తింటుంది. పూత లేచిన చిన్న మచ్చ దొరికితే చాలు, అక్కడ తెల్లటి పొడి పుట్టి, చుట్టూ ఉన్న పూతను బుడగలా పైకి లేపుతుంది. అందుకే ఆ దారిలో వెళ్లొచ్చినవాళ్లు చక్రాలకు పట్టిన దుమ్మును తడిసి గట్టిపడేదాకా ఉంచకూడదు. రాయి తగిలి పూత లేచిన చోట వెంటనే టచప్ చేయించాలి.

ఇంకో సంగతి ఉంది. పాలకొండల రాయిలోనూ, పెన్న ఇసుకలోనూ ఉన్న క్వార్ట్జ్ చాలా గట్టిది, కాఠిన్యపు కొలమానంలో 7వ మెట్టు మీద ఉంటుంది. క్లియర్ కోట్ దాని ముందు మెత్తనిది. పొడి గుడ్డతో చక్రాన్ని తుడిస్తే ఆ రేణువులతోనే రుద్దినట్టు. ముందు నీళ్లు బాగా కొట్టి దుమ్ము జారిపోనివ్వాలి, తర్వాతే షాంపూ నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ పట్టాలి. ఆ గుడ్డ కారు బాడీకి వాడేది కాకూడదు, బకెట్ కూడా వేరే పెట్టుకోవాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండలో కడిగి వదిలేస్తే తెల్ల మచ్చలు దిగిపోతాయి. పొద్దున్నే నీడలో కడిగి, వెంటనే తడి తుడిచేయాలి.

కడప నుంచి రాయచోటి పోయేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ తెలుసు. ఆ ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు బాగా కాగుతాయి. ప్యాడ్ల నుంచీ డిస్కుల నుంచీ రాలే వేడి ఇనుప పొడి ముందు చక్రాలకే ఎక్కువగా అంటుకుంటుంది. రోజుల తరబడి వదిలేస్తే అది తుప్పు పట్టి పూతలోకి దిగుతుంది. అలాగని ఘాట్ దిగిన వెంటనే నీళ్లు కొట్టడం కూడా తప్పే. కాగిన డిస్కుకు అది మంచిది కాదు, వేడి చక్రం మీద సబ్బు ఎండిపోయి మరకలు పడతాయి. చక్రం చేతికి చల్లగా తగిలాకే కడగాలి.

సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఒక మాట ముందే చెప్పండి: చక్రాలకు యాసిడ్ వద్దు. యాసిడ్ ఒక్క నిమిషంలో మెరుపు తెస్తుంది, పూత అంచులను మాత్రం లోలోపల తినేస్తుంది. కొత్త పూతకు మొదటి కొన్ని వారాలు మంచి నీళ్లు తప్ప మరేమీ తగలనివ్వకపోవడం మేలు. తర్వాత అప్పుడప్పుడూ మైనం పట్టిస్తే దుమ్ము తేలిగ్గా వదులుతుంది.

పంక్చర్ షాపులో ఇంకాస్త గట్టిగా అడగాలి. బ్యాలెన్సింగ్‌కు అంచుకు కొట్టే క్లిప్పు బరువులు పూతను చీలుస్తాయి, లోపలి వైపు అంటించేవే పెట్టమనాలి. నట్లు కూర్చునే గుంటల్లో మందంగా రంగు ఉంటే అది నలిగిపోయి నట్టు వదులవుతుంది. గన్‌తో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచితో సరిచూడమనాలి. చాలావరకు చిన్న కార్లకు 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, మీ కారు లెక్క దాని పుస్తకంలో ఉంటుంది. కడప నుంచి ప్రొద్దుటూరు పోయి వస్తే సుమారు 100 కిలోమీటర్లు అవుతుంది. ఆ తిరుగుడు తర్వాత నట్ల బిగింపును మరోసారి చూపించుకోవాలి.

చివరగా, పగులు. గీతకు పూత ఉంది, పగులుకు మందు లేదు. వెల్డింగ్ వేడికి అల్యూమినియం తన బలాన్ని పోగొట్టుకుంటుంది. పైన రంగు వేస్తే పగులు కంటికి కనబడదు, అంతే. అలాంటి చక్రం కింద ఇంటిల్లిపాది ప్రాణాలు పెట్టకూడదు. దాన్ని పారేయడానికి బాధపడనక్కర్లేదు. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో సుమారు 20వ వంతు చాలు. బాగుపడేదాన్ని ఓపికగా కాపాడుకుందాం, బాగుపడనిదాన్ని కొలిమికి పంపేద్దాం. ఈ రెండూ తెలిస్తేనే వస్తువును చూసుకోవడం వచ్చినట్టు.