ద్రవీభవన స్థానమే చాలునా?

గ్యాస్ టర్బైను రెక్కలపై వేయు పింగాణీ పూతను గూర్చిన పాఠములు తరచు ఒక్క మాటతో ముగియును: జిర్కోనియా సుమారు 2,700 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరగదు. మాట నిజమే. కాని పూతలు కరిగి పోవుట లేదు, పెచ్చులుగా ఊడిపోవుచున్నవి! కారణము చెప్పనిచో విద్యార్థికి మిగులునది ఒక అంకె మాత్రమే.

కాకినాడ తీరపు ఇసుకలోని జిర్కాన్ ఖనిజమునే చూడుడు. అది జిర్కోనియా, సిలికాల సంయోగము. శుద్ధి చాలనిచో కొంత సిలికా మిగిలిపోవును. నూటికి ఒక పాలే అయినను, అది రేణువుల సరిహద్దులలో చేరి, వేడికి గాజువలె మెత్తబడి, జిర్కోనియా స్ఫటికమును నిలకడగా ఉంచెడి యిట్రియాను లాగుకొనును. యిట్రియా తగ్గినచోట, చల్లారునప్పుడు స్ఫటికరూపము మారి ఘనపరిమాణము నూటికి నాలుగైదు పాళ్లు పెరుగును, పగుళ్లు పుట్టును. పైగా రేణువులు అతుకుకొని సన్నని రంధ్రములు పూడును, పూత బిరుసెక్కును. రంధ్రమనగానే లోపమని బోధించుట మరొక పొరపాటు. ఇచ్చట వేడిని అడ్డుటలో తోడ్పడునవియు, లోహము వ్యాకోచించునప్పుడు పూతకు సాగుటకు వీలిచ్చునవియు ఆ రంధ్రములే.