వెంట్రుకవాసి పనితనం

జపాన్ శృంగార చిత్రాలు, అంటే షుంగా, అనగానే చాలామందికి హొకుసాయ్ ఆక్టోపస్ గుర్తొస్తుంది. 1814 నాటి ‘కినోఎ నో కొమట్సు’లోని బొమ్మ అది. హొకుసాయ్ మహానుభావుడే, కాదనను. కానీ పనితనం చూడాలని ఎవరైనా అడిగితే నేను పంపేది ఉతమరో దగ్గరికే.

1788లో త్సుతాయ జూజబురో ప్రచురించిన ఉతమరో పుస్తకం ‘ఉతమకుర’లో రంగుల బొమ్మలు పన్నెండున్నాయి. వాటిలో ఒకటి టీకొట్టు మేడమీది జంట. ఆమె వీపు మనవైపు. ఆమె జుట్టు చాటునుంచి అతని కన్ను ఒక్కటే కనిపిస్తుంది. పల్చటి బట్టలోంచి కాళ్లు లీలగా తెలుస్తుంటాయి. మొహాలు చూపకుండా ఇంత మోహం పుట్టించినవాణ్ని ఇంకొకణ్ని చూపించండి! భూతద్దం తీసి ఆ మెడ దగ్గర పెట్టండి. ముడి కింద ఒక్కో వెంట్రుకా విడివిడిగా సన్నబడి చర్మంలో కలిసిపోతుంది. ఇవి చెక్క అచ్చు బొమ్మలు కదా, చిత్రకారుడు జుట్టు తీరు సూచించి వదిలేస్తే, తక్కినదంతా చెక్కేవాడి చేతి చలవ. గట్టి చెర్రీ చెక్క మీద గీతకి రెండు పక్కలా కలప తీసేసి, గీతను మాత్రమే నిలబెట్టాలి. అందుకే తలలు చెక్కే పని ఆరితేరినవాళ్లదే. చీరమడతల్లాంటి బట్టల గీతలు శిష్యులకి వదిలేవారు.

తర్వాత అచ్చువేసేవాడు. రంగురంగుకీ వేరే చెక్క. ప్రతి చెక్క మూలన చెక్కిన గుర్తుకి తడి కాగితాన్ని ఆనించి, వెదురు పొర చుట్టిన ‘బరెన్’తో రుద్దుతాడు. రంగు లేకుండా చెక్కనొక్కి కిమోనో నేతను కాగితం మీద ఉబ్బెత్తుగా తేల్చడం, అభ్రకం పొడితో మెరిపించడం అతని విద్యలే. షుంగాలో ఈ ఆడంబరం మరీ ఎక్కువ. 1722లో ప్రభుత్వం నిషేధించాక ఇవి చాటుమాటు సరుకయ్యాయి. అనుమతి ముద్ర గొడవే లేదు గనక ప్రచురణకర్తలు ఖర్చుకి వెనకాడలేదు.

సమురాయ్‌లు వీటిని కవచాల పెట్టెలో పెట్టుకునేవారట, పెళ్లికూతురి సామానుతో పంపేవారట, నిప్పు అంటకుండా కాపాడతాయని గోదాముల్లో ఉంచేవారట. ఎంత నిజమో గానీ వినడానికి బాగుంటుంది.

కియొనగ అనే మరో చిత్రకారుడి ‘సొదె నో మకి’ బొమ్మలు ఇంకో అద్భుతం. ఎత్తు పన్నెండు సెంటీమీటర్లే, పొడవు అరవయ్యేడు దాకా. అంత ఇరుకులో నిండు దేహాలు పట్టవు, కాబట్టి అంచు దగ్గర కోసేశాడు. ఆ కోతలోనే చూపుకి ఊపిరాడనంత దగ్గరితనం వచ్చింది.

ఇక నా కోపం సంగతి. మంచి ఆల్బమ్ చేతికొస్తే కుట్లు విప్పి ఆకు ఆకుగా అమ్ముకునే వ్యాపారులున్నారు. పుస్తకం పోయి పన్నెండు బొమ్మలు పన్నెండు దేశాలు పడతాయి. మరికొందరు ఆఫ్‌సెట్ నకలుకి టీ డికాషన్ పట్టించి పాతదంటారు. భూతద్దంలో గీత చుక్కలుగా విడిపోతే అది యంత్రం పనే. చేతితో వేసినదైతే వెనక్కి తిప్పినప్పుడు రంగు కాగితంలోకి ఇంకి కనిపిస్తుంది. అంతకన్నా పాపం, కొన్నదాన్ని ఫ్రేము కట్టి కిటికీ ఎదుట తగిలించడం. త్సుయుకుస పువ్వుల నీలం వెలుతురుకి మట్టిరంగుకి తిరుగుతుంది. మూసిన పుస్తకంలో ఉండబట్టే షుంగా రంగులు ఇన్నాళ్లు తాజాగా నిలిచాయి.

2013లో బ్రిటిష్ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెడితే, పుట్టిన దేశంలోనే దానికి చోటు దొరకడం గగనమైంది. చివరికి 2015లో టోక్యోలోని చిన్న మ్యూజియం ఎయిసెయ్ బుంకో ధైర్యం చేసింది. రెండు లక్షలమందికి పైగా వచ్చారు. జనానికి లేని మొహమాటం పెద్ద మ్యూజియాలకెందుకో!

సేకరించాలని ఉన్నవాళ్లకి నా విన్నపం: ఉతమరో చిరిగిన ఆకు కోసం అప్పులపాలు కావద్దు. పురుగు తిన్నదైనా, పేరులేని చిత్రకారుడిదైనా, నలుపు అచ్చుదైనా సరే, కుట్టు చెడని పుస్తకం కొనండి. విడి ఆకు అమ్మజూపేవాణ్ని తక్కిన ఆకులెక్కడని అడగండి.