వెనక కారుకు ముందు లెక్క

మోటార్‌హోమ్ కొన్నవాళ్లకు ఊరు చేరేదాకా అంతా హాయిగానే ఉంటుంది. చేరాక పాలప్యాకెట్ కావాల్సొస్తే తెలుస్తుంది అసలు సంగతి. నీళ్ల గొట్టం ఊడదీయాలి, కరెంటు తీగ చుట్టాలి, బయటికి జరిపిన గది లోపలికి లాగాలి, పొయ్యి మీద గిన్నెలు సర్దాలి, అప్పుడు ఇల్లంతా నడుపుకుంటూ కొట్టుకు వెళ్లాలి. వెళ్లాక ముప్ఫై అడుగుల బండి ఎక్కడ ఆపాలన్నది మరో తలనొప్పి. అమెరికా హైవేల మీద పెద్ద బండి వెనకాల డ్రైవరు లేని చిన్న కారొకటి బుద్ధిగా దొర్లుతూ కనిపించేది ఇందుకే.

డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో కూడా ఈ బళ్ల మీద మోజు పెరిగింది. పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయినవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పి చూపించాలనుకునేవాళ్లు కొంటున్నారు. నా బండి వెనక జీపు చూసి ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: “అన్నా, అది తగిలించడానికి ఎంతయింది?” జవాబు కోసం కూడా ఆగరు. “కొక్కెమే కదా, ఓ ఐదారొందలుంటుందా?” అని వాళ్లే తేల్చేస్తారు.

కారు ధర పక్కన పెట్టేయండి. ఉన్న కారును నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉండేలా సక్రమంగా కట్టుకుని లాక్కెళ్లడానికి, పని షాపులో చేయిస్తే, ఇవాళ నాలుగు వేల నుంచి ఆరు వేల డాలర్లు పడుతుంది. రూపాయల్లో నాలుగైదు లక్షలు. మా ఊరి పక్క ఆ డబ్బుకి మంచి సెకండ్‌హ్యాండ్ కారే వస్తుంది.

అంత పెట్టడం దండగ అంటారా? అనేముందు కొన్ని రోడ్ల సంగతి చెప్పాలి. మోంటానాలోని గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ అనే కొండ రోడ్డుంది. దాని నడిమి భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మా టెక్సస్‌లోనే బిగ్ బెండ్ పార్కులో చీసోస్ బేసిన్‌కి వెళ్లే దారి ఉంది. 24 అడుగులు దాటిన మోటార్‌హోమ్ వద్దని పార్కువాళ్లే చెబుతారు, ఆ మలుపులు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. వేల మైళ్లు నడుపుకుంటూ వెళ్లి, అసలు చూడాల్సిన చోటికి వెళ్లలేక క్యాంపులో కుర్చీ వేసుకుని కూర్చోవడం కన్నా వెనక ఒక కారు ఉండటం మేలే. కాబట్టి నా గొడవ ఖర్చు గురించి కాదు, ఖర్చుపెట్టే వరస గురించి.

మనవాళ్లు చేసేది చూడండి. ముందు మోటార్‌హోమ్ కొంటారు. తర్వాత ఇంట్లో ఉన్న కారు ఎలాగూ ఉంది కదా, దాన్నే తగిలిద్దాం అనుకుంటారు. ఆ కారును అలా లాగొచ్చా లేదా అన్నది చివర్న అడుగుతారు. మా మిత్రుడొకాయన కారును బండికి కలిపే టో బార్ కొని, కారు వేసుకుని షాపుకి వెళితే, మేనేజరు కారు పేరు వినగానే తల అడ్డంగా ఊపాడట. ఇంట్లో ఉన్నది హైబ్రిడ్. దాన్ని ఈ పద్ధతిలో లాగడానికి లేదు.

కారణం గేర్‌బాక్సులో ఉంది. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సుకు నూనె అందించే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆపి, చక్రాలు మాత్రం గంటకు అరవై మైళ్ల వేగంతో తిరిగితే లోపలి పళ్లు నూనె లేకుండా అరిగి, కాలి, పాడవుతాయి. రోడ్డు మీద మీకేమీ తెలియదు, ఊరు చేరాక కారు కదలదు. 2014 దాకా వచ్చిన హోండా సీఆర్‌-వీని ఇలా లాగొచ్చు, ఎందరో లాగారు కూడా. 2015లో గేర్‌బాక్సు సీవీటీ అనే రకానికి మారింది, కంపెనీ వద్దంది. పేరు అదే, బండి అదే, ఏడాది తేడా. టెస్లాది ఇంకో కథ: చక్రం తిరిగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, అందుకని నాలుగు చక్రాల మీద లాగొద్దని మాన్యువల్‌లోనే రాశారు. జీప్ రాంగ్లర్‌కు ఈ బాధలేమీ లేవు. దాని గేర్‌బాక్సుకూ చక్రాలకూ మధ్య ఉండే ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెడితే ఆ రెండిటికీ సంబంధం తెగిపోతుంది. మోటార్‌హోమ్‌ల వెనక ఇన్ని జీపులు కనిపించడానికి కారణం అదే, మోజు ఒక్కటే కాదు.

ఇక బిల్లు. కారు ముందు బంపరు విప్పి, లోపలి చట్రానికి బోల్టులతో బిగించే ఇనుప అమరిక ఒకటుంది, బేస్‌ప్లేట్ అంటారు. బయటికి రెండు చెవులు మాత్రం కనిపిస్తాయి. వస్తువు ధర నాలుగైదొందలు, కొన్ని కార్లకు ఏడొందలు. మోటార్‌హోమ్ కొక్కేనికీ ఆ చెవులకూ మధ్య ఉండే రెండు చేతుల టో బార్ ఎనిమిదొందల నుంచి పదిహేనొందలు. కారు వెనక లైట్లు మోటార్‌హోమ్ లైట్లతో పాటు వెలగడానికి వైరింగు, డయోడ్లు, మధ్యలో చుట్టల తీగ, అన్నీ కలిపి రెండు మూడొందలు. టో బార్ తెగినా కారు విడిపోకుండా ఉక్కు తాళ్లు. కొక్కెం మరీ ఎత్తుగా ఉంటే దించడానికి ఒక అడాప్టరు, ఎందుకంటే టో బార్ దాదాపు సమంగా ఉండాలి, మూడు నాలుగు అంగుళాల తేడా దాటితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు మోటార్‌హోమ్ కిందికో పైకో తోసుకొస్తుంది. కారుకు విడిగా బ్రేకు వేసే ఏర్పాటు వెయ్యి నుంచి పద్దెనిమిది వందలు.

ఇక కూలి. షాపును బట్టి గంటకు నూట యాభై, రెండొందలు. బంపరు విప్పి, గ్రిల్లు కోసి, మళ్లీ సందు కనిపించకుండా బిగించడానికి ఒక పూట పడుతుంది, వైరింగూ బ్రేకూ కలిస్తే రోజంతా. కొత్త కార్లలో గ్రిల్లు వెనక తెరుచుకుని మూసుకునే రెక్కలుంటాయి, ముందు రాడార్ ఉంటుంది, వాటిని కదిపితే మరికొంత పని. వస్తువుల జాబితా చూసి మూడు వేలు అనుకున్నది ఐదు దాటి తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

ఈ మొత్తాన్ని ఒకే అంకెగా చూడకండి. ఇందులో కారుతో పాటు పోయే డబ్బు వేరు, మీ దగ్గర మిగిలే డబ్బు వేరు. బేస్‌ప్లేట్ ఆ మోడల్‌కీ, ఆ సంవత్సరానికీ మాత్రమే సరిపోతుంది. కారు అమ్మిన రోజు అది కొన్నవాడికి ఉచితం. వైరింగూ అంతే. కూలి సంగతి చెప్పనే అక్కర్లేదు. టో బార్ మాత్రం తర్వాతి కారుకూ పనికొస్తుంది, ఉక్కు తాళ్లూ అంతే. డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టి పెడల్‌కు తగిలించే పెట్టె రకం బ్రేకు కూడా మారుతుంది. కారులో శాశ్వతంగా బిగించే బ్రేకును ఊడదీసి మార్చుకోవచ్చు కానీ కూలి మళ్లీ మొదటి నుంచీ. ఈ లెక్క వేసుకుంటే దాదాపు సగం డబ్బు కారుతో పాటే పోతుంది. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు ఆ డబ్బు మూడేళ్లకోసారి మళ్లీ పెడుతున్నారన్నమాట. పదేళ్లు ఉంచుకునే కారుకు కట్టుకుంటే అదే ఖర్చు ఏడాదికి రెండు మూడొందలు.

ఇదే లెక్క ఎక్కడ పొదుపు చేయాలో కూడా చెబుతుంది. వాడిన టో బార్ బేరానికి దొరికితే, చేతులు బిగుతుగా జారుతున్నాయో లేదో, కీళ్ల దగ్గర లూజు ఉందో లేదో చూసి కొనొచ్చు. కొత్తదే కొంటే మాత్రం బిగుసుకున్నా విడివడే లివర్లున్నదే తీసుకోండి, వందో రెండొందలో ఎక్కువైనా. క్యాంపుల్లో నేల ఎప్పుడూ సమంగా ఉండదు. కారు కాస్త వంకరగా ఆగిందంటే టో బార్ బరువంతా ఒక చేతి మీద పడి పిన్ను బిగుసుకుపోతుంది. ఎండలో చెమటలు కక్కుతూ సుత్తితో పిన్ను కొడుతున్న పెద్దమనుషుల్ని ప్రతి క్యాంపులో చూస్తాను.

బ్రేకు దగ్గర మాత్రం పొదుపు వద్దు. “అంత పెద్ద బండికి ఈ కారు ఒక లెక్కా, దాని బ్రేకులే రెండిటినీ ఆపుతాయి” అనే మాట మన దగ్గరే కాదు, ఇక్కడివాళ్ల దగ్గరా వింటాను. ఏనుగును కొని అంకుశానికి వెనకాడటం అంటే ఇదే. నాలుగు తలుపుల రాంగ్లర్ నాలుగు వేల పౌండ్లు దాటుతుంది. కొండ దిగుతున్నప్పుడు ముందు సిగ్నల్ ఎర్రగా మారితే, ఆ బరువు వెనకనుంచి తోస్తూనే ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన దాన్ని లాగితే దానికి సొంత బ్రేకు ఉండాలన్న నియమం ఉంది, కొన్నిచోట్ల హద్దు ఇంకా తక్కువ. నియమం లేని చోట కూడా బరువు బరువే. పైగా ఈ ఏర్పాట్లలో ఒక చిన్న తీగ వస్తుంది. కారు విడిపోతే ఆ తీగ ఊడి, కారు బ్రేకు దానంతటదే పడుతుంది. మన వెనకాల వచ్చేవాడి ప్రాణం ఆ తీగ మీద ఉంది.

పెట్టె రకమా, బిగించే రకమా అంటే నేను రెండోదాని వైపే. పెట్టెను ప్రతిసారీ ఎత్తి పెట్టాలి, సీటు సరిచేయాలి, పెడల్‌కు బిగించాలి. అలసిపోయి ఉన్న రోజు, దగ్గరే కదా అని దాన్ని డిక్కీలోనే వదిలేయడానికి మనసు లాగుతుంది. పైగా ఇంజిన్ ఆపిన కారులో బ్రేకుకు వ్యాక్యూమ్ సాయం ఉండదు, రెండు మూడు సార్లు నొక్కగానే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పెట్టె సర్దుబాటు సరిగా లేకపోతే చాలినంత పట్టదు, లేదా వదలకుండా పట్టి డిస్కులు కాలుస్తుంది.

కొనేముందు ఇంకో అంకె చూడాలి. కొక్కెం మీద 5,000 పౌండ్లు అని రాసి ఉంటుంది. అది కొక్కెం మోయగలిగింది. బండీ కారూ కలిపి ఎంత దాటకూడదో ఛాసిస్ కంపెనీ వేరే అంకె ఇస్తుంది. ఫోర్డ్ ఎఫ్‌-53 ఛాసిస్ మీద వచ్చిన పాత బళ్లలో చాలావాటికి బండి పరిమితి 22,000 పౌండ్లు, రెండూ కలిపి 26,000. నిండా సర్దుకుంటే కారుకు మిగిలేది నాలుగు వేలు. కొక్కెం సరేనన్నా బండి ఒప్పుకోదు. గాలన్ నీళ్లే ఎనిమిది పౌండ్ల పైన తూగుతాయి, మనం పట్టుకెళ్లే బియ్యం మూటలు, గ్రైండరు, పచ్చడి జాడీలు వేరే. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని కాటా ఉంటుంది, పదిహేను డాలర్లు అటూ ఇటూ. ఈ మొత్తం వ్యవహారంలో అంతకన్నా చవకైన సలహా దొరకదు.

డబ్బు కట్టాక మిగిలేది అలవాటు. టో బార్ చేతులు కారు చెవులకు తగిలించి, పిన్నులు దూర్చి, ప్రతి పిన్నుకూ చిన్న క్లిప్పు పెడతాను. ఉక్కు తాళ్లు, చుట్టల తీగ, బ్రేకు తీగ. తర్వాత జీపులో కూర్చుని ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో వేసి, గేరు ముందుకీ వెనక్కీ మార్చి చూస్తాను. జీపు కదలకూడదు. గేరు పార్కులో పెట్టి, స్టీరింగు లాకు పడలేదని చూసి దిగుతాను. మా ఆవిడ వెనక నిలబడి “ఎడమ... కుడి... బ్రేకు... ఆఁ, వెలిగింది” అంటుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి చూస్తాం, దీనికి మా ఇద్దరికీ ఒప్పందం ఉంది. ఒక్క సంగతి ముందే తెలిసి ఉండాలి: కారు తగిలించి ఉండగా వెనక్కి తీయడం కుదరదు. ముందు చక్రాలు అడ్డం తిరిగి టో బార్ వంగుతుంది. దారి మూసుకుపోయిన పెట్రోల్ బంకులోకి దూరామంటే అక్కడే విప్పాల్సిందే. మరొకటి, చాలా కార్లలో ఇలా లాగినప్పుడు ఓడోమీటరు తిరగదు, టైర్లు మాత్రం అరుగుతాయి. మైళ్లు చూసి టైర్లు మార్చేవాళ్లు మోసపోతారు.

ఇంత చదివాక కొందరికి ఇది వద్దనిపిస్తే సంతోషం. ఏడాదికి వారం పది రోజులు తిరిగేవాళ్లు వెళ్లిన ఊళ్లో రెండు రోజులు అద్దె కారు తీసుకోండి, పదేళ్లయినా ఐదు వేలు దాటడం కష్టం. ముందు చక్రాలు ఎత్తి లాగే డాలీ రెండు వేల చుట్టూ వస్తుంది, బేస్‌ప్లేట్ అక్కర్లేదు, చాలా ఫ్రంట్‌వీల్ కార్లకు సరిపోతుంది, కానీ క్యాంపులో దాన్ని పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. నెలల తరబడి తిరిగేవాళ్లకు మాత్రమే ఈ ఖర్చు గిడుతుందని నా అభిప్రాయం.

వాళ్లకు ఒక్క మనవి. కారు కొనకముందే ఆ మోడల్, ఆ సంవత్సరం మాన్యువల్ కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో ‘రిక్రియేషనల్ టోయింగ్’ అన్న భాగం తీసి చదవండి. సేల్స్‌మన్ నోటిమాట నమ్మకండి, నా మాట కూడా.