చచ్చిన గుర్రం, బతికిన పరువు

చచ్చిన జంతువు పట్ల మనిషి ఎలా నడుచుకోవాలో ఎవరైనా పెద్దమనుషులు తీర్పు చెబుతుంటే దళితులుగా మేం చెవులు రిక్కించి వినక తప్పదు. ఈ దేశంలో చచ్చిన గొడ్డును మోసింది, కోసింది, తోలును లందలో నానబెట్టి పదును చేసింది, ఆ తోలుతో ఊరికి చెప్పులు, మోట బొక్కెనలు, ఎడ్లకు వార్లు చేసిపెట్టింది మావాళ్లే. అయినా చచ్చిన జంతువు గురించి నీతి చెప్పే అధికారం మాత్రం ఎప్పుడూ దాన్ని ముట్టనివాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. అందుకే ఎక్కడో ఐర్లండ్‌లో ఒక గుర్రం కళేబరం చుట్టూ నడిచిన గొడవను మేం మా వైపు నుంచి చదవదలచుకున్నాం. అది తెల్లవాళ్ల పందేల గొడవ, మనకేంది అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. ఆ గొడవలో కులం అన్న మాట లేదు గానీ, కులం చేసే పనులన్నీ ఉన్నాయి.

సంగతి ఇది. గోర్డన్ ఎలియట్ ఐర్లండ్‌లో పేరుమోసిన గుర్రాల శిక్షకుడు. ఆయన తయారుచేసిన టైగర్ రోల్ అనే గుర్రం 2018లోనూ 2019లోనూ గ్రాండ్ నేషనల్ పందెం గెలిచింది. 2021 ఫిబ్రవరి చివర్లో ఆయన ఫొటో ఒకటి బయటికొచ్చింది. చచ్చి పడి ఉన్న గుర్రం మీద కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, కెమెరా వైపు రెండు వేళ్లు చూపిస్తున్నాడు. ఆ గుర్రం పేరు మోర్గాన్, వయసు ఏడేళ్లు. 2019లో సాధన చేస్తుండగానే గుండె ఆగి పడిపోయిందన్నారు. ఫొటో లోకమంతా తిరిగింది. బ్రిటన్‌లో ఆయన గుర్రాలను పరుగుకు దించకుండా అక్కడి పందేల అధికార సంస్థ ఆపేసింది. ఒక బెట్టింగ్ కంపెనీ ఆయనతో ఒప్పందం తెంచుకుంది. చీవ్‌లీ పార్క్ స్టడ్ అనే యజమాన్య సంస్థ తన గుర్రాలను ఆయన దగ్గర్నుంచి తోలుకుపోయింది.

2021 మార్చి 5న ఐరిష్ హార్స్‌రేసింగ్ రెగ్యులేటరీ బోర్డు వేసిన కమిటీ ఆయన లైసెన్సును 12 నెలలు ఆపేసింది, అందులో ఆరు నెలల శిక్షను నిలిపి ఉంచింది. ఖర్చుల కింద 15 వేల యూరోలు కట్టమంది. ఆ తర్వాత కొద్ది రోజులకే రాబ్ జేమ్స్ అనే అమెచ్యూర్ జాకీ వంతు వచ్చింది. 2016లో చచ్చిన గుర్రం మీదికెక్కి నవ్వులాటలాడిన వీడియో ఆయనది. ఆయనకూ 12 నెలలే వేశారు, అందులో ఎనిమిది నెలలు నిలిపి ఉంచారు.

ఈ తీర్పులో మెచ్చుకోవలసింది లేదని మేం అనం. చచ్చినది తిరగబడలేదు, అరవలేదు. దాని ముందు మనిషి ఎలా ఉంటాడో అదే అతని అసలు రంగు. పని ఇచ్చిన అధికారంతో ఒక ప్రాణిని పరిగెత్తించినవాడు, ఆ ప్రాణి పడిపోయిన తర్వాత దాన్ని ఆసనం చేసుకోవడం తప్పేనని ఒక వృత్తి సంఘం ఒప్పుకుంది, లైసెన్సు తీసి చూపించింది. మన దగ్గర ఏ వృత్తి సంఘం తన పెద్దల మీద ఇంత త్వరగా కదిలింది? కాబట్టి ఆ కోపం దొంగ కోపం అనడం మా ఉద్దేశం కాదు. ఆ కోపం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందన్నదే మా ప్రశ్న.

ముందుగా ఆ నేరానికి పెట్టిన పేరు చూడండి. పందేల నిజాయితీకి, సత్ప్రవర్తనకు, మంచిపేరుకు భంగం కలిగించడం అన్నది ఆ నిబంధన. అంటే చట్టం కళ్లలో దెబ్బతిన్నది గుర్రం కాదు, పందెం పరువు. గుర్రం పట్ల గౌరవం బొత్తిగా లేదని కమిటీ గట్టిగానే మందలించింది, నిజమే. కానీ ఆ అగౌరవం శిక్షార్హమైంది మాత్రం పరువు అనే దారి గుండానే. ఫొటో బయటికి రాకుంటే పరువు పోయేది కాదు, పరువు పోకుంటే కేసూ ఉండేది కాదు. గుర్రం చచ్చింది 2019లో, నేరం పుట్టింది 2021లో! ఈ రెండేళ్ల తేడాలోనే ఆ నీతి కొలత ఎంతో తెలిసిపోతుంది. పరువు మీద కట్టిన నీతి ఎవరికి పనికొస్తుందో ఊళ్లల్లో 'పరువు' పేరుతో పిల్లల్ని పోగొట్టుకున్న మనకు వేరే చెప్పాలా?

ఇక ఎలియట్ ఇచ్చుకున్న సంజాయిషీని ఒక రచనను చదివినట్టు చదవాలి. కళేబరాన్ని అక్కడినుంచి తీయించడానికి దాని పక్కనే నిలబడి ఉన్నాననీ, అంతలో ఫోను వచ్చిందనీ, ఆలోచించకుండా కూర్చున్నాననీ, తన మనుషుల్లో ఒకరు కేక వేస్తే మాట పూర్తయ్యేదాకా ఆగమని చేత్తో సైగ చేశాననీ ఆయన చెప్పాడు. ఈ మాటల్లో ఇంకెవరో ఉన్నారు. కేక వేసిన పనివాళ్లు ఉన్నారు. కళేబరాన్ని ఎత్తాల్సిన చేతులు ఉన్నాయి. అయ్యగారి ఫోను అయిపోయేదాకా చావు ఆగాలి, చావును మోసే పని కూడా ఆగాలి. గొడవంతా గుర్రం గౌరవం చుట్టూ తిరిగింది గానీ, సైగతో ఆగిపోయిన ఆ మనుషుల గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. మా అనుభవం ఏందంటే, చచ్చినదాన్ని ఎత్తి అవతల పడేయాల్సినవాడికి దాని మీద కూర్చోవాలన్న సరదా పుట్టదు. బరువు ఎంతో, వాసన ఎంతో, ఎండ ఎంతో వాడికి తెలుసు. సరదా ఎప్పుడూ మోయనవసరం లేనివాడిదే.

ఐర్లండ్‌లో చచ్చిన గుర్రాలను మోసేవాళ్లకు ఒక పేరుంది. ముసలివై, పనికిరాక, చచ్చిపోయిన గుర్రాలను తీసుకుపోయి తోలూ ఎముకలూ వేరుచేసేవాణ్ణి ఇంగ్లీషులో నాకర్ అంటారు. ఆ మాటే ఐర్లండ్‌లో తిట్టు. ఎవరికి తిట్టు? ట్రావెలర్లు అనే సంచార జనానికి. ఊరూరా తిరుగుతూ తగరం పని, గుర్రాల బేరం చేసుకు బతికిన జనం వాళ్లు. 2022 జనాభా లెక్కల్లో వాళ్లు సుమారు 33 వేల మంది. వాళ్లను ప్రత్యేక జాతిసమూహంగా ఆ దేశం గుర్తించింది 2017 మార్చి 1న మాత్రమే. వాళ్లందరూ గుర్రాలు కోసినవాళ్లు కాకపోయినా ఆ పేరు మాత్రం అందరికీ అంటించారు. మన దగ్గర మాత్రం? ఏదన్నా అసహ్యంగా ఉంటే 'చండాలంగా ఉంది' అని చదువుకున్నవాళ్లు కూడా నోరారా అంటారు. ఒక కులం పేరు మురికికి మారుపేరైపోయింది. చచ్చినదాన్ని ముట్టినవాళ్ల పేరే తిట్టయ్యే సమాజం చచ్చినదాన్ని గౌరవించమని బోధిస్తుంటే ఆ బోధ ఎంతవరకు నమ్మాలి?

ఇంకొకటుంది. ఐర్లండ్‌లో 1996లో గుర్రాల నియంత్రణ చట్టం వచ్చింది. లైసెన్సు లేని, కట్టు తప్పిన గుర్రాలను పట్టుకోవడానికీ, అవసరమనుకుంటే చంపించడానికీ స్థానిక సంస్థలకు అధికారమిచ్చింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ట్రావెలర్లకూ పట్టణాల్లోని పేద పిల్లలకూ. అదే ప్రభుత్వం 2021లో గుర్రాల, కుక్కల పందేల నిధి కింద 96 మిలియన్ యూరోలు పెట్టి, అందులో 80 శాతం గుర్రప్పందేల సంస్థకే ఇచ్చింది. పెద్దల గుర్రమైతే పరిశ్రమ, పేదల గుర్రమైతే బెడద.

అసలు పందెంలో ఓడిపోయిన గుర్రాలు ఏమవుతున్నాయి? 2019 మొదలు రెండేళ్ల పైచిలుకు కాలంలో బ్రిటన్, ఐర్లండ్ కబేళాల్లో సుమారు 4 వేల పందెం గుర్రాలను కోశారని 2021 జులైలో బీబీసీ పనోరమా బయటపెట్టింది. ఐర్లండ్‌లో లైసెన్సున్న ఒకే ఒక్క గుర్రాల కబేళాకు తెచ్చినవాటిని ఎంత హింస పెడుతున్నారో 2024 జూన్‌లో ఆ దేశపు ప్రసార సంస్థ ఆర్‌టీఈ చూపించింది. ఒక ఫొటోకు ఆరు నెలలు, మరి ఇన్ని వేల చావులకు?

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2016 జులై 11న గుజరాత్‌లో ఊనా దగ్గర మోటా సమఢియాళా అనే ఊళ్లో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కొట్టారు. నలుగురు కుర్రాళ్లను కారుకు కట్టి, ఊనా పట్టణంలో ఊరేగించి, అందరూ చూస్తుండగా బాదారు. ఆ ఆవును చంపింది సింహమని తర్వాత దర్యాప్తులో తేలింది. నెల తిరగకముందే 2016 ఆగస్టులో మన అమలాపురంలోనూ అదే జరిగింది. కరెంటు తగిలి చచ్చిన ఆవును తీసేయమని దాని యజమానే పిలిస్తే వచ్చి తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. అంతకుముందు 2002 అక్టోబర్ 15న హర్యానాలోని ఝజ్జర్ దగ్గర దులీనా పోలీస్ చౌకీ ముందే ఐదుగురు దళితులను చంపేశారు. ఈ మూడు చోట్లా కొట్టినవాళ్లు చెప్పుకున్నది ఆవు పట్ల భక్తి. వృత్తి ధర్మం పాటించినవాడు దెబ్బలు తిన్నాడు, పని పురమాయించినవాడు ఇంట్లో ఉన్నాడు.

ఎలియట్ ఫొటోనూ ఊనా వీడియోనూ పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులను అడుగుతున్నాం. రెండూ ఫోన్లతో తీసినవే. మొదటిదాన్ని నవ్వులాటగా తీసుకున్నారు, బయటపడ్డాక సిగ్గుపడ్డారు. రెండోదాన్ని కొట్టినవాళ్లే గొప్పగా తీసుకున్నారు, వాళ్లే పంచిపెట్టారు. ఒకచోట జంతువు మీద కూర్చున్న పెద్దమనిషిని జంతువు పేరుతో నిలదీశారు. ఇంకోచోట జంతువు కింద నలిగే మనిషినే జంతువు పేరుతో చావగొట్టారు. చచ్చిన జంతువుకు గౌరవం అనే ఒకే మాట రెండు చోట్లా రెండు పనులు చేసింది. కాబట్టి ఆ మాట ఎవరి నోట్లో ఉంది, ఎవరి మీదికి విసురుతున్నారు అని చూడకుండా జైకొట్టలేం.

మరి మన నీతి ఏది? ఇక్కడ మనలో మనకే రెండు దారులున్నాయి. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నారు. ఆ పని మనిషిని కట్టిపడేసిన సంకెల అని ఆయన చూపు. కంచ ఐలయ్య 2009లో వచ్చిన పుస్తకంలో మాదిగల తోలుపనిని శాస్త్ర జ్ఞానంగా నిలబెట్టారు. ఈ రెండింటినీ కొట్లాటకు పెట్టేవాళ్లున్నారు. మేం అలా చూడం. తోలు పదును చేయడంలో జ్ఞానం ఉంది, అది నిజం. ఆ జ్ఞానాన్ని వెట్టిగా పిండుకున్నారు, అదీ నిజం. జ్ఞానాన్ని పొగిడి వెట్టిని మరిచిపోతే అది ఇంకో రకం ఫొటో అవుతుంది. వెట్టిని తిట్టి జ్ఞానాన్ని మరిచిపోతే మన తాతల చేతుల్ని మనమే అవమానించినట్టు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు కళేబరాలను సురేంద్రనగర్ కలెక్టరేట్ ముందు పడేసి, మీ ఆవును మీరే ఉంచుకోండి, మా భూమి మాకివ్వండి అన్నారు. వాళ్లు చచ్చినదాన్ని అగౌరవపరచలేదు, మోసే బాధ్యత ఎవరిదని అడిగారు.

ఆ ప్రశ్న గుర్రాలకూ వర్తిస్తుంది. 2025లో ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 పందెం గుర్రాల్లో ఎనిమిది కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి, వ్యవహారం హైకోర్టుకెక్కింది. పత్రికలు యజమానుల గురించి, బెట్టింగ్ గురించి రాశాయి. ఆ మండుటెండల్లో ఆ గుర్రాలకు నీళ్లు పట్టినవాళ్లు, చచ్చినవాటిని పూడ్చినవాళ్లు ఎవరు, వాళ్లకు జీతం ముట్టిందా అన్నది కూడా అడగాలి.

కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే ప్రతివాణ్ణీ మూడు సంగతులు అడుగుదాం. ఆ జంతువు బతికున్నప్పుడు దాన్ని ఎంత అరగదీశారు, చచ్చిన లెక్క ఎక్కడ రాశారు, ఎత్తిన చేతులకు ఏం ఇచ్చారు. ఈ మూడింటికి జవాబు లేని గౌరవం కళేబరం మీద కప్పిన శాలువా మాత్రమే. ఆ శాలువాను కప్పినవాళ్లు వెళ్లిపోతారు. కళేబరాన్ని ఎత్తాల్సిందెవరో నిర్ణయించే హక్కు ఇకమీదట ఎత్తేవాళ్లకే ఉండాలి, వద్దనే హక్కుతో సహా.