బోఫోర్స్ వార్తలు – 1989 ఎన్నికలు: ఒక పరిశీలన

కుంభకోణాల వార్తలు ప్రభుత్వాలను పడగొడతాయనే అభిప్రాయాన్ని మీరు తరచుగా వినే ఉంటారు. 1989 లోక్‌సభ ఎన్నికలను ఇందుకు ఉదాహరణగా చూపుతారు. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

బోఫోర్స్ శతఘ్నుల ఒప్పందంలో ముడుపులు చెల్లించారని 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో వెల్లడించింది. తరువాత ‘ది హిందూ’లో చిత్రా సుబ్రమణ్యం, ఎన్.రామ్ సంబంధిత పత్రాలను సేకరించి ప్రచురించారు. ఆ వార్తల బలం పత్రాల్లోనే ఉంది. కంపెనీ సొమ్ము చెల్లించిందని అవి చూపాయి. ప్రధాని రాజీవ్ గాంధీకి అది చేరిందని చూపలేదు. ఎన్నికల ప్రచారంలో ఈ తేడా చెరిగిపోయింది, వార్త నినాదమైంది. ఆయన మరణానంతరం, 2004లో, ఢిల్లీ హైకోర్టు ఆయనపై లంచం ఆరోపణను కొట్టివేసింది.

ఇక ఫలితాలు గమనించండి. 1984లో 400కు పైగా స్థానాలు గెలిచిన కాంగ్రెస్ 197కు తగ్గింది. కాని ఆంధ్రప్రదేశ్‌లో అదే పార్టీ 42 స్థానాల్లో 39 గెలిచింది. బోఫోర్స్‌ను ప్రచారాస్త్రం చేసుకున్న నేషనల్ ఫ్రంట్‌కు ఎన్.టి.రామారావు అధ్యక్షుడు, ఆయన తెలుగుదేశానికి దక్కినవి 2. బోఫోర్స్ వార్తలు ఇక్కడి ఓటర్లకూ చేరాయి. అయితే శాసనసభ ఎన్నికలు కూడా అప్పుడే జరిగాయి. రాష్ట్ర పాలన మీద కూడా వారు తీర్పు చెప్పవలసి వచ్చింది.

కాబట్టి ఓట్ల లెక్క వార్త నిజానికి రుజువు కాదు, అబద్ధానికీ రుజువు కాదు. ఇకపై ఎన్నికల వేళ ఆరోపణల వార్త చదివినప్పుడు, ఆధారం ఎంత చెప్పిందో, శీర్షిక ఎంత చెప్పిందో విడివిడిగా రాసుకుని పోల్చండి.